ఫెరోస్‌లో దిగాక తుపాకీ బరువెక్కింది: మాస్ ఎఫెక్ట్ లెజెండరీ ఎడిషన్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇందులో కథ చాలావరకు బయటపడిపోతుంది. మొదటి మాస్ ఎఫెక్ట్ 2007 నవంబర్‌లో వచ్చింది కాబట్టి ఇక దాచడానికేముందిలే అనుకుంటున్నాను గానీ, ఇప్పటికీ ఆడనివాళ్ళు ఉంటే ఫెరోస్, ఐలోస్ అన్న గ్రహాల పేర్లు కనిపించిన చోటల్లా గబగబా కిందికి జారిపోండి. నేను రాస్తున్నది 2021 మేలో వచ్చిన లెజెండరీ ఎడిషన్ గురించి. మూడు గేములు, వాటికి తర్వాత్తర్వాత విడిగా అమ్మిన అదనపు కథలు దాదాపు అన్నీ కలిపి, బొమ్మ శుభ్రం చేసి ఒకే మూటగా కట్టి ఇచ్చారు. పీసీలో 120 జీబీ చోటు అడుగుతుంది, ఏం తీసేయాలో ముందే చూసుకోండి. మూడింటి గురించీ రాస్తే తెల్లారిపోతుంది, అందుకే మొదటిదాని గురించే రాస్తాను. ఎవరిని అడిగినా రెండోదే గొప్పది అంటారు, ఆడటానికి హాయిగా ఉండేది కూడా అదే, కాదనను. కానీ పాడుబడ్డ గ్రహం మీద కాలు పెడితే వెన్నులో చలి పుట్టడం అనే ముచ్చట మాత్రం మొదటి గేములోనే ఉంది.

కథ టూకీగా. నార్మాండీ అనే అంతరిక్ష షిప్పుకి షెపర్డ్ కమాండర్, అంటే మనమే. మగ షెపర్డా ఆడ షెపర్డా మన ఇష్టం, నేను ఆడ షెపర్డ్‌ని తీసుకున్నాను, జెనిఫర్ హేల్ గొంతు విన్నాక ఇంకోటి తీసుకోబుద్ధి కాదు. సేరెన్ అనే ఏజెంటు గట్టు దాటి, గెత్ అనే యంత్రాల సైన్యాన్ని వెంటేసుకుని ఏదో వెతుకుతున్నాడు. వాడు వెతుకుతున్నది 50,000 ఏళ్ళ క్రితం ఒక్కసారిగా మాయమైపోయిన ప్రోథియన్లు అనే జాతి వదిలేసిన జాడల్ని. ఆట మొదట్లోనే ఒక ప్రోథియన్ యంత్రం షెపర్డ్ బుర్రలోకి ఒక దృశ్యాన్ని దూర్చేస్తుంది, అందులో అరుపులు, మాంసం, లోహం, మంటలు తప్ప ఏమీ అర్థం కాదు. ఆ దృశ్యానికి అర్థమేంటో తెలుసుకోవడమే గేమంతా. సేరెన్‌ని పట్టుకోవడం అనేది పైకి కనిపించే పని మాత్రమే.

షిప్పు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గ్రహాల మీద కలిగే భయానికి పెట్టుబడి అంతా ఇక్కడే పెడతారు. నార్మాండీ దొంగచాటుగా తిరిగే షిప్పు. అంతరిక్షంలో దాక్కోవడం ఎందుకు కష్టమో గేము లోపలి విజ్ఞానకోశంలో చక్కగా రాశారు. శూన్యంలో గాలి లేదు కాబట్టి వేడి ఎటూ పోదు, ప్రసరించి పోవాల్సిందే, అలా ప్రసరించిన వేడే చల్లటి చీకట్లో దివిటీలా మన ఆచూకీ చెప్పేస్తుంది. ఇది కల్పన కాదు, నిజమైన అంతరిక్ష కేంద్రానికి కూడా వేడి వదిలించుకోవడానికే పెద్ద పెద్ద తెల్లటి రేడియేటర్ పలకలు ఉంటాయి, వాటి గుండా అమ్మోనియా తిరుగుతుంది. నార్మాండీ ఆ వేడిని బయటికి వదలకుండా లోపలే తొట్లలో దాచుకుంటుంది. దాచినంత సేపు ఎవరికీ కనపడదు, మరీ ఎక్కువసేపు దాస్తే లోపల సిబ్బంది ఉడికిపోతారు. ఇది చదివాక ఆ ఇరుకు కారిడార్లలో నడుస్తుంటే గోడల వెనక ఆ వేడి ఉందని గుర్తొస్తూనే ఉంటుంది.

ఇక ఆ షిప్పులో మనుషులు. పైలట్ జోకర్‌కి ఎముకలు పెళుసుబారే జబ్బు, నాలుగడుగులు వేయడం కష్టం గానీ షిప్పు మాత్రం వేళ్ళ కొసల మీద ఆడిస్తాడు, నోరు మాత్రం ఊరుకోదు. ప్రెస్లీ అనే నావిగేటర్‌కి పరాయి జాతుల వాళ్ళు షిప్పు ఎక్కితే మనసులో ముల్లు. దిగువ అంతస్తులో రెక్స్ అనే క్రోగన్ జాతివాడు గోడకి ఆనుకుని నిలబడి ఉంటాడు, ఒక్కొక్క మాటకి ఒక్కొక్క గంట పడుతుంది అతని నోరు విప్పించడానికి. ప్రతి మిషన్ అయ్యాక వీళ్ళందరి దగ్గరికీ వెళ్ళి పలకరించాలి. తప్పనిసరి కాదు, వెళ్ళకపోయినా గేము నడుస్తుంది. కానీ వెళ్ళనివాళ్ళు ఈ గేముని సగమే ఆడినట్టు. నేను రెండోసారి ఆడినప్పుడు రెక్స్‌ని పెద్దగా పట్టించుకోలేదు, అతని తాతల నాటి కవచం వెతికిపెట్టే పని పక్కన పెట్టేశాను, మాటతో ఒప్పించే నైపుణ్యం మీద పాయింట్లు కూడా పెట్టలేదు. విర్మైర్ అనే గ్రహం మీద సముద్రపు ఒడ్డున అతను నా మీదికి తుపాకీ ఎత్తినప్పుడు నా దగ్గర చెప్పడానికి మాటే లేకపోయింది. అతను అక్కడే పోయాడు. అదే తీరంలో ఇంకో గంటకి మన జట్టులోని యాష్లీ, కైడన్‌లలో ఒకరినే కాపాడుకోగలం. అది ఎవరు ఆడినా తప్పదు, రెక్స్ మాత్రం నా నిర్లక్ష్యం వల్లే పోయాడు.

సరే, ఫెరోస్.

ఈ గ్రహం మీద మనుషులు ఉండగలిగే నేలలో మూడింట రెండు వంతులు ప్రోథియన్ల శిథిల నగరమే. నగరం అంటే ఒక ఊరు కాదు, చూపు ఆనినంత దూరం బూడిదరంగు ఆకాశహర్మ్యాలు, సగం విరిగినవి, ఒకదాని మీద ఒకటి వాలినవి, వాటి మధ్య ఎప్పుడో వేసిన వంతెన రోడ్లు. జూస్ హోప్ అనే చిన్న కాలనీ ఆ భవనాల మీద ఎక్కడో పైన, ఒక పాత సరుకు నౌకని మధ్యలో పెట్టుకుని దాని చుట్టూ బతుకుతోంది. గెత్‌లు దాడి చేస్తున్నాయని మనల్ని పిలుస్తారు. మొదటి అరగంట అచ్చం మామూలు మిషనే. కాల్చు, దాక్కో, మళ్ళీ కాల్చు. తర్వాత కాలనీ వాళ్ళు చిన్న చిన్న పనులు చెబుతారు. నీళ్ళు రావడం లేదు సొరంగాల్లో వాల్వులు తిప్పమని ఒకావిడ, పవర్ సెల్స్ తెమ్మని ఇంకొకరు, తిండికి మాంసం కావాలి వేటాడమని మరొకరు.

ఇక్కడే గేము చేసిన గమ్మత్తు. ఆ పనులు విసుగ్గా ఉంటాయి, నిజంగా విసుగే, అటూ ఇటూ పరుగులే. కానీ ఆ విసుగులో ఉన్నప్పుడే ఏదో తేడాగా ఉందని మెల్లగా తెలుస్తుంది. వీళ్ళు మాట్లాడతారు గానీ కళ్ళు మన మీద ఉండవు. గెత్‌లు ఇక్కడికి దేనికొచ్చాయని అడిగితే మాట తప్పిస్తారు. కింద సొరంగంలో ఒకతను కనిపిస్తాడు, పిచ్చివాడిలా నవ్వుతూ, మధ్యలో నొప్పితో మెలికలు తిరుగుతూ. ఏదో చెప్పబోతాడు, చెప్పబోయిన ప్రతిసారీ ఎవరో కొరడాతో కొట్టినట్టు వంకర్లు పోతాడు. ఇతను తాగి ఉన్నాడేమో అనుకుని మొదటిసారి వదిలేసి వెళ్ళిపోయాను. అసలు మొత్తం కాలనీలో బుర్ర సరిగ్గా ఉన్నది ఇతనికొక్కడికే అని, లొంగకుండా పోరాడుతున్నాడు కాబట్టే ఆ నొప్పి అని తర్వాత తెలిసి తిట్టుకున్నాను.

విషయమేంటంటే, కాలనీ కింద థోరియన్ అనే ఒక పాతకాలపు మొక్కలాంటి జీవి ఉంది. ప్రోథియన్ల కాలం నుంచీ ఉంది, నగరం పోయినా అది పోలేదు. దాని బీజాలు గాల్లో కలిసి ఊపిరితో లోపలికి పోయి, కాలనీ వాళ్ళందరినీ తన పనివాళ్ళని చేసుకుంది. ఇలాంటిది మన భూమ్మీద లేకపోలేదు. అడవుల్లో ఒక రకం బూజు చీమల ఒంట్లోకి దూరుతుంది, పట్టిన చీమ గూడు వదిలేసి చిన్న మొక్క ఎక్కి, ఆకు అడుగున ఈనెని కరిచి పట్టుకుని అలాగే చచ్చిపోతుంది, తర్వాత తల చీల్చుకుని బూజు కాడ బయటికొస్తుంది. ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దీన్ని 1859లోనే గమనించాడు. గేము రాసినవాళ్ళు చేసిన మార్పు ఒకటే. చీమకి జరిగేదేంటో తెలుస్తుందో లేదో మనకి తెలియదు, జూస్ హోప్ వాళ్ళకి మాత్రం అన్నీ తెలుస్తుంటాయి. తెలిసే నోరు మూసుకుంటారు, నోరు తెరిస్తే నొప్పి.

దీనికన్నా ఒళ్ళు మండేది ఎక్సోజెనీ అనే కంపెనీ సంగతి, అంటే ఈ కాలనీని పెట్టిన కంపెనీ. వాళ్ళకి మొదటి నుంచీ తెలుసు. తెలిసి చికిత్స చేయలేదు, పక్కన కూర్చుని నోట్సు రాసుకున్నారు. కంపెనీ భవనంలో ఒక కంప్యూటర్ మనకి ఈ సంగతంతా చెబుతుంది, గొంతులో ఏ తేడా లేకుండా, గోదాములో బస్తాల లెక్క చదివినట్టు. దానికి ముందు అక్కడే ఒక క్రోగన్ ఆ కంప్యూటర్‌తో గొడవ పడుతుంటాడు, అనుమతి లేదని అది, చెప్పకపోతే పగలగొడతానని ఇతను. పగలబడి నవ్వాను. ఆ నవ్వు ఆరకముందే ఈ సంగతి విన్నాను, ఎవరు రాశారో గానీ చెయ్యి తిరిగిన పని.

ఇప్పుడు మా తమ్ముడి కథ. వాడు కాల్చే గేములే ఆడతాడు, మాటలుండే గేములంటే వాడికి నిద్రొస్తుంది. నేను ఫెరోస్ ఆడుతుంటే పక్కన కూర్చుని, ఆ రోడ్డు మీద మేకో బండి నడిపే చోట కంట్రోలర్ లాక్కున్నాడు, సరే ఆడుకో అని వదిలేశాను. దారిలో కాలనీ వాళ్ళని చంపకుండా పడగొట్టే గ్యాస్ గ్రెనేడ్ల గురించి చెప్పే సంభాషణ ఒకటి వస్తుంది, వాడు బటన్ నొక్కి నొక్కి దాటించేశాడు. తిరిగి జూస్ హోప్ చేరేసరికి కాలనీ వాళ్ళందరూ తుపాకులతో ఎదురొచ్చారు, మధ్యమధ్యలో థోరియన్ పుట్టించిన ఆకుపచ్చ బొమ్మలు మీదికి ఉరుకుతున్నాయి, వాటిని కాల్చాలి, వీళ్ళని కాల్చకూడదు.

"ఒరేయ్ ఆగు, వాళ్ళు మామూలు జనం, గ్రెనేడ్ వెయ్యి!"

"వాళ్ళే కాలుస్తుంటే నన్నేం చెయ్యమంటావ్ అన్నయ్యా!"

గ్రెనేడ్లు లెక్కపెట్టే ఉంటాయి. అయిపోతే దగ్గరికి వెళ్ళి తుపాకీ మడమతో కొట్టి పడేయొచ్చు, కానీ దానికి తూటాల మధ్యలోంచి నడిచి వెళ్ళాలి. ఇంకో తిరకాసు ఏంటంటే మనం ఆగినా మన వెంట ఉన్న ఇద్దరూ ఆగరు, మీరు కదలకండి అని వాళ్ళకి ఆర్డరు వెయ్యాలి. వాడు ఇవేమీ చెయ్యలేదు. మూడు నిమిషాల్లో చోటంతా శుభ్రంగా ఖాళీ చేసి, చూశావా అన్నట్టు నావైపు చూశాడు. అప్పుడు ఫై డాన్ వచ్చాడు. ఆ కాలనీ పెద్ద, మొదట్లో మనకి ఎదురొచ్చి పలకరించింది అతనే. చేతిలో పిస్తోలు ఉంది, చెయ్యి వణుకుతోంది. ఇది బుర్రలోకి దూరిపోతుందని, అడ్డుకోవాలని చూశానని, వీళ్ళందరూ తనని నమ్ముకున్నారని ఏవో ముక్కలు ముక్కలుగా అంటూ పిస్తోలు మనవైపు తిప్పబోయి, తిప్పలేక, తన తలకే పెట్టుకుని కాల్చుకున్నాడు. పక్కన ఇందాక తమ్ముడు కాల్చినవాళ్ళు పడి ఉన్నారు. వాడు కాసేపు ఏమీ నొక్కలేదు. తర్వాత నెమ్మదిగా, "నీళ్ళ వాల్వులు తిప్పమన్నావిడ కూడా వీళ్ళలో ఉందా?" అన్నాడు. ఏమోరా అన్నాను. కంట్రోలర్ నా చేతికిచ్చేసి లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత థోరియన్‌తో పోరాటం అంత గొప్పగా ఏమీ లేదు. చూడ్డానికి భలే ఉంటుంది, పెద్ద బావిలో వేలాడే గడ్డలాంటిది, గోడలకి అంటుకున్న దాని నరాల ముడుల్ని ఒక్కోటీ పేల్చుకుంటూ మెట్లెక్కాలి, అంతే. అది చచ్చాక గోడలోంచి షియాలా అనే ఆమె బయటపడుతుంది. సేరెన్ ఈమెని థోరియన్‌కి కానుకగా ఇచ్చేసి బదులుగా ప్రోథియన్లు ఎలా ఆలోచించేవాళ్ళో ఆ తీరుని తీసుకుపోయాడు. గేములో దాన్ని సైఫర్ అంటారు. అది మన షెపర్డ్‌కి కూడా దక్కుతుంది. అప్పటికి ఇదేదో కథ నడవడానికి పెట్టిన తాళంచెవిలే అనుకున్నాను, దాని విలువ చివరికి గానీ తెలియలేదు.

మధ్యలో కొంచెం తిట్టాలి కూడా. పక్క గ్రహాలు దండగ. పేరు వేరు, ఆకాశం రంగు వేరు, కొండలు మాత్రం గొడ్డలితో నరికినట్టు నిలువుగా ఉంటాయి, ఎక్కి దిగాక దొరికేది అదే గది, అవే పెట్టెలు, అదే మూలన అదే మెట్టు. మూడో గ్రహానికి గది గుమ్మం చూడగానే లోపల శత్రువులు ఎక్కడ నిలబడతారో చెప్పేయొచ్చు. మేకో బండి పాతదానికన్నా చాలా నయం, బరువు తెలిసేలా చేశారు, వెనక నుంచి తోసే బూస్టర్ పెట్టారు, బండిలోంచి కాలిస్తే అనుభవం పాయింట్లు కోసేసే పాత పిచ్చి రూలు తీసేశారు. అయినా కొండ అంచున అది తొండలా పాకుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. సామాన్ల పేజీ ఒక పెంటకుప్ప. 150 వస్తువులు దాటితే మోయలేనంటుంది, అందులో 100 మనకి అక్కర్లేనివి. ఇప్పుడు చెత్త అని గుర్తు పెట్టి ఒకేసారి వదిలించుకునే వీలు ఇచ్చారు కాబట్టి బతికిపోయాం.

కాల్పులు మాత్రం నాకు ఈ మొదటి గేములోవే ఇష్టం, దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను. ఇందులో తూటాలు అయిపోవు, తుపాకీ వేడెక్కుతుంది. ఆత్రంగా నొక్కుతూ పోతే సరిగ్గా అవసరానికి మొరాయించి కీచుమంటుంది, ఆపి ఆపి కాల్చేవాడే నిలబడతాడు. రెండో గేములో దీన్ని తీసేసి, ఊడదీసి వేసే క్లిప్పులు పెట్టారు. అది మామూలు తూటాలకి కొత్త పేరు, అంతే. మనం ఎంచుకున్న పాత్ర ఏ తరగతిదైనా ఏ తుపాకీనైనా గురి తప్పకుండా పట్టుకునేలా ఈ ఎడిషన్‌లో మార్చడం మంచి పని.

లిఫ్టుల సంగతి చెప్పకపోతే ఊరుకోరు. పాత గేములో లిఫ్టు ఎక్కితే ఒక జీవితకాలం పట్టేది, లోడింగు దాచడానికి చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు లోడింగు చిటికెలో అవుతుంది, దాటేయడానికి బటన్ కూడా ఇచ్చారు. నేను నొక్కను. లిఫ్టులోనే కదా మన జట్టులోని గారస్, టాలీ ఒకరినొకరు పొడుచుకునేది, మనం ముందు మిషన్‌లో చేసిన ఘనకార్యం వార్తల్లో వినిపించేది. ఎవరిని తీసుకెళ్తే వాళ్ళ మాటలే వినిపిస్తాయి కాబట్టి జతలు మార్చి మార్చి ఎక్కి చూడండి, కొన్ని జతలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు, బిగుసుకుపోతారు.

ఐలోస్ చివర్లో వస్తుంది. సేరెన్ అక్కడికి చేరిపోయాడు, షిప్పు దిగడానికి దగ్గర్లో చోటు లేదు, నడిస్తే అందుకోలేం. మేకోని గాల్లోంచి వదలాలంటే కనీసం 100 మీటర్ల ఖాళీ నేల కావాలి, సేరెన్ దగ్గర్లో దొరికింది 20 మీటర్లే. అందరూ కాదు కుదరదు అని అరుచుకుంటుంటే జోకర్ ఒక్కడు తన సీట్లోంచి, నేను చేయగలను అంటాడు. మామూలుగా వాడి ప్రతి మాటకీ ఒక జోకు తగిలించి ఉంటుంది, ఈ మాటకి లేదు. ఇన్ని గంటలు వాడితో కబుర్లు చెప్పుకున్నవాళ్ళకి ఆ తేడా ఠక్కున తెలుస్తుంది, చెప్పుకోనివాళ్ళకి అది ఇంకో డైలాగు.

కిందికి దిగాక ఐలోస్ ఫెరోస్‌లా బూడిదగా ఉండదు. పచ్చగా ఉంటుంది, అదే ఎక్కువ భయం. తీగలు, వేళ్ళు, నాచు, వాటి కింద భవనాలు, ముఖం చేతుల్లోకి జారినట్టుండే పొడుగాటి విగ్రహాలు. ఒకచోట పాడైపోయిన రికార్డింగు ఒకటి వెలుగుతుంది, పగిలిన గొంతుతో ఏదో చెబుతుంది. వెంట ఉన్నవాళ్ళకి అది వట్టి గోల, ఒక్క ముక్క అర్థం కాదు. షెపర్డ్‌కి అర్థమవుతుంది. ఫెరోస్‌లో అంతమంది నలిగిపోయిన చోట దక్కిన సైఫర్ ఇక్కడ పనికొస్తోంది. నేను ఆడటం ఆపేసి మంచినీళ్ళు తాగొచ్చాను.

తర్వాత మేకోలో ఒక పొడవాటి సొరంగం. గోడల నిండా కిందినుంచి పైదాకా వరసగా అరలు, శవపేటికల్లా. దూరం నుంచి డిజైన్ అనుకుంటాం, వెళ్ళేకొద్దీ అవి అయిపోవు. ఒక తెర అడ్డొచ్చి ఆపుతుంది, కిందికి తీసుకెళ్తుంది, అక్కడ విజిల్ అనే ఒక యంత్రపు గొంతు. అది జరిగింది చెబుతుంది. రీపర్లు అనే యంత్రాలు ముందు ప్రోథియన్ల రాజధానిని కొట్టాయట, లోకాల మధ్య దారులన్నీ తమ చేతిలోకి తీసుకున్నాయట, ఒక్కొక్క లోకాన్ని విడదీసి తీరిగ్గా తుడిచాయట. ఐలోస్ గురించిన కాగితాలు రాజధానితోపాటే తగలబడ్డాయి కాబట్టి ఇక్కడి శాస్త్రవేత్తలు మిగిలారు, ఈ అరల్లో నిద్రపోయారు. రీపర్లు వెళ్ళిపోయేదాకా నిద్ర. కానీ వాళ్ళు త్వరగా వెళ్ళలేదు. కరెంటు తగ్గిపోతూ వచ్చింది. ముందు ముఖ్యం కానివాళ్ళ అరలు ఆపేసింది విజిల్. తర్వాత ఇంకొందరివి. చివరికి ఒక డజను మంది ముఖ్యులే మిగిలారు. ఇందాక మనం బండేసుకుని దాటి వచ్చిన ఆ అరలన్నీ ఇవే.

నచ్చితే ఇంకా ప్రశ్నలు అడగొచ్చు, తొందరుంటే వెళ్ళిపోవచ్చు, గేము ఏమీ అనదు. నేను ఉన్న ప్రశ్నలన్నీ అడిగాను. 1950లో ఎన్రికో ఫెర్మి తోటి శాస్త్రవేత్తలతో భోజనం చేస్తూ, విశ్వం ఇంత పెద్దది కదా, మరి మిగతావాళ్ళంతా ఎక్కడ అని అడిగాడని చెబుతారు. దానికి ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు, ఈ గేము ఆ అరల వరసని చూపించి ఊరుకుంటుంది. మిగిలిన ఆ డజను మంది ఏం చేశారో కూడా విజిలే చెబుతుంది. కాండ్యూట్ అనే ఒకవైపు మాత్రమే వెళ్ళగల దారిలో రాజధానికి పోయి, రీపర్లు మళ్ళీ వచ్చేటప్పుడు వాడే పిలుపుని చెడగొట్టారు. తిరిగి రాలేమని తెలిసే వెళ్ళారు, అక్కడ తిండి లేదు. 50,000 ఏళ్ళ తర్వాత షెపర్డ్‌కి కాస్త సమయం మిగలడానికి కారణం వాళ్ళే. రాక్షసుణ్ణి చూపించి భయపెట్టే కథలు బోలెడు చూశాను, ఇలా చచ్చిపోయినవాళ్ళ పనితనం చూపించి కుర్చీలో ముందుకు జరిగేలా చేసింది ఇదొక్కటే.

కొత్త ఎడిషన్ బొమ్మల గురించి నాకు ఒక ఫిర్యాదు. మనుషుల మొహాలు చాలా మెరుగు, చర్మం, కళ్ళు, కవచాల మీద గీతలు అన్నీ స్పష్టం. కానీ వెలుగు ఎక్కువ పోశారు. ఆట మొదట్లో ఈడెన్ ప్రైమ్ అనే గ్రహం పాతదాంట్లో ఎర్రటి ఆకాశం కింద, చెడు జరిగిపోయిందని ముందే చెప్పేసేది, ఇప్పుడు సాయంత్రం షికారుకి వెళ్ళినట్టుంది. బదులుగా ఫొటో మోడ్ ఇచ్చారు, నా దగ్గర ఫెరోస్ ఫొటోలే ఒక ఫోల్డరు నిండా ఉన్నాయి. పాత అదనపు కథల్లో పినకిల్ స్టేషన్ ఒక్కటి ఇందులో లేదు, దాని సోర్సు కోడ్ పాడైపోవడం వల్లట, ఆడినవాళ్ళెవరూ దానికోసం ఏడవరు. మూడో గేములోని మల్టీప్లేయర్ కూడా లేదు, అది మాత్రం కొందరికి లోటే.

ఎవరు కొనాలంటే, మాటలు వినే ఓపిక ఉన్నవాళ్ళు కొనండి. ఇంగ్లీషు సంభాషణలు కుప్పలు తెప్పలు, సబ్‌టైటిళ్ళు పెట్టుకోండి, ఒక్కో జాతికి ఒక్కో యాస. మొదటి గేము నాకు 30 గంటలు దాటింది, పక్క గ్రహాలు వదిలేస్తే ఇంకా త్వరగా అయిపోతుంది, వదిలేయండి కూడా. మొదటిదాన్ని దాటేసి రెండోదానికి వెళ్ళిపోదాం అని మాత్రం అనుకోకండి. మొదటి గేములో ఎవరు బతికారో, ఎవరు పోయారో రెండోదానికి, మూడోదానికి కూడా మోసుకుపోతుంది. ఫెరోస్‌కి వెళ్ళేముందు గ్రెనేడ్లు నింపుకోండి, దారిలో ఎవరు మాట్లాడినా దాటించేయకుండా వినండి.

తమ్ముడు ఆ తర్వాత వారం రోజులు ఈ గేము ఊసెత్తలేదు. మొన్న రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. సొంతంగా మొదలుపెట్టాడట, ఫెరోస్ దాకా వచ్చాడట, గ్రెనేడ్లు అయిపోతే తుపాకీ మడమతో కొట్టుకుంటూ, నాలుగుసార్లు చచ్చి మళ్ళీ మొదలుపెట్టి, కాలనీ వాళ్ళందరినీ బతికించాడట.

"మరి ఆ ఫై డాన్‌ని ఎలా ఆపాలి అన్నయ్యా?"

ఆపడానికి దారి లేదురా అన్నాను.

"ఉంటుంది, నువ్వు సరిగ్గా వెతికుండవు" అని పెట్టేశాడు.